ఆర్బెంజ్ ఎలా పడిపోయాడు? క్లాసులో నాకు తరచూ ఎదురయ్యే అపోహలు

మధ్య అమెరికా దేశం గ్వాటెమాలలో 1954లో అధ్యక్షుడు ఆర్బెంజ్‌ను అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కుట్ర పన్ని దించేసింది. ఆ ఘటన పేరెత్తగానే పిల్లలు గైడ్లలో బట్టీపట్టిన రెండు ముక్కలు అప్పజెబుతారు. చరిత్ర పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి నాకు అది సరిపోదు.

అపోహ: హకోబో ఆర్బెంజ్ తుపాకీతో గద్దెనెక్కాడు.
వాస్తవం: సైనికాధికారే, 1944 విప్లవంలో ముందు నిలిచినవాడే. అధ్యక్షుడైంది మాత్రం 1950 ఎన్నికల్లో గెలిచి.

అపోహ: భూములు ఊరికే లాక్కున్నాడు.
వాస్తవం: 1952 నాటి భూసంస్కరణ చట్టం, డిక్రీ 900, సుమారు 224 ఎకరాల లోపు కమతాల జోలికే పోలేదు. పెద్ద ఎస్టేట్లలో బీడు పడి ఉన్న భూమిని తీసుకుని బాండ్ల రూపంలో పరిహారమిచ్చింది. ఎంత? పన్ను కోసం యజమాని తానే రాసిచ్చిన విలువ ఎంతో అంత. అక్కడ భారీగా భూములున్న అమెరికా అరటిపళ్ల కంపెనీ యునైటెడ్ ఫ్రూట్ ఇరుక్కున్నది ఇక్కడే: పన్ను తగ్గించుకోవడానికి తన భూముల విలువ తక్కువ చేసి రాసింది. రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుందని కాగితం మీద ధర తగ్గించి రాయించుకుని, రోడ్డు వెడల్పులో స్థలం పోయినప్పుడు లబోదిబోమనేవాళ్లు మనకు తెలియనివాళ్లా? ప్రభుత్వం దాదాపు 6.27 లక్షల డాలర్లు ఇస్తానంటే, కంపెనీ తరఫున అమెరికా విదేశాంగ శాఖ కోటీ 58 లక్షలు అడిగింది. ఆర్బెంజ్ సొంత భూమి కూడా ఈ చట్టం కిందే పోయింది.

అపోహ: అంతా అరటిపళ్ల కంపెనీ కోసమే.
వాస్తవం: కంపెనీ పలుకుబడి నిజమే. కానీ కుట్ర ఫలించిన కొద్ది రోజులకే, 1954 జులైలో, అదే కంపెనీ గుత్తాధిపత్యం మీద అమెరికా న్యాయశాఖ కేసు వేసింది. కమ్యూనిజం భయాన్ని పక్కన పెడితే ఈ కథ అర్థం కాదు.

అపోహ: కమ్యూనిస్టులతో ఆయనకు సంబంధమే లేదు.
వాస్తవం: అభిమానులకు రుచించదు గానీ, కమ్యూనిస్టు నాయకుడు ఫోర్తునీ ఆయనకు ఆప్తమిత్రుడు. ప్రవాసంలో, 1957లో, ఆర్బెంజ్ ఆ పార్టీలో చేరాడు కూడా. అయితే ఆయన మంత్రివర్గంలో ఒక్క కమ్యూనిస్టూ లేడు, ఆ దేశ చట్టసభ కాంగ్రెస్‌లో వాళ్లకున్నవి 4 సీట్లే.

అపోహ: తిరుగుబాటుదారులు యుద్ధంలో ఓడించారు.
వాస్తవం: అసలు తప్పు ఇదే. జూన్ 18న తిరుగుబాటు నాయకుడు కాస్తియ్యో ఆర్మాస్ వెంట సరిహద్దు దాటింది 500 మంది కూడా లేరు. గుఆలాన్ పట్టణంలో ఓ 30 మంది ప్రభుత్వ సైనికులే తమకు నాలుగింతలున్న గుంపును నిలేశారు. సీఐఏ నడిపిన రేడియో మాత్రం మహా సైన్యం వచ్చిపడుతోందని ఊదరగొట్టింది, పైన విమానాలు బాంబులు వేశాయి. వీళ్లను కొడితే రేపు అమెరికా సైన్యమే దిగుతుందన్న టెన్షన్ సైనికాధికారులను కుదేలు చేసింది. జకాపా పట్టణంలో పెద్ద ప్రభుత్వ దళం ఉండి కూడా కదల్లేదు. పౌరులకు ఆయుధాలివ్వమని ఆర్బెంజ్ అంటే అధికారులు ససేమిరా అన్నారు. జూన్ 27న ఆర్బెంజ్ రాజీనామా చేశాడు. కొత్త ప్రభుత్వం డిక్రీ 900ను రద్దు చేసి, పంచిన భూముల్లో చాలావరకు పాత యజమానులకే అప్పగించింది.