ముందు తోక చూడండి

అలిపిరి దగ్గరో, కపిలతీర్థం వెనకాలో సందెవేళ ఏదో జంతువు కనబడుతుంది. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తారు. తెల్లారేసరికి తిరుపతి వాట్సాప్ గ్రూపులన్నిట్లో "తోడేలు దిగింది, పిల్లలు జాగ్రత్త!" చాలాసార్లు ఆ వీడియోలో ఉండేది బక్కచిక్కిన ఊరకుక్కే. మన తోడేలుకు కావాల్సింది గొర్రెలు మేసే బయలు, ముళ్లకంపలు, రాళ్లగుట్టలు. శేషాచలం లాంటి దట్టమైన అడవి దానికి పెద్దగా నచ్చదు. ఆ కొండల్లో గుంపుగా తిరిగే ఎర్రటి రేచుకుక్క వేరే జాతి. అది మొరగడం కన్నా ఈల వేసి తోటివాటిని పిలవడమే ఎక్కువ.

ఒడ్డూ పొడుగూ చూసి తేల్చలేం. భారత తోడేలు బరువు సుమారు 20 కిలోలే, బాగా తిన్న ఊరకుక్క దానికేమీ తీసిపోదు. రంగునూ నమ్మలేం. బూడిద, గోధుమ కలిసిన రంగు కుక్కలు ఏ వీధిలో లేవు?

అందుకే ముందు తోక చూడమంటాను. తోడేలు తోక కిందికి వేలాడుతుంది, పరుగులో వెన్నుకు సమంగా లేస్తుంది, అంతేగానీ వీపు మీదికి చుట్ట చుట్టుకోదు. కుక్కతోక వంకర అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ వంకర ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిపే ప్రయోగం ఒకటి 1959లో సైబీరియాలో మొదలైంది. సోవియట్ శాస్త్రవేత్త దిమిత్రీ బెల్యాయెవ్ మనిషిని చూసి బెదరని గుంటనక్కలనే ఏరి, వాటినే జత కట్టిస్తూ పోయారు. సాధుగుణం తప్ప ఇంకేదీ చూడలేదు. కొన్ని తరాలు గడిచేసరికి కొన్నిటికి తోకలు మెలి తిరిగాయి, చెవులు వాలాయి, ఒంటిమీద తెల్లమచ్చలు లేచాయి. అవి అంతకుముందే బొచ్చు ఫారాల్లో పెరిగిన నక్కలని, ఈ లక్షణాల్లో కొన్ని అప్పటికే వాటిలో ఉన్నాయని 2019లో కొందరు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. కాబట్టి కారణం మీద వాదన ఉంది. చుట్టతోక ఉన్నది తోడేలు కాదనడంలో మాత్రం వాదన లేదు. తోక చక్కగా ఉన్నంత మాత్రాన తోడేలనీ అనుకోకండి, భయపడ్డ కుక్క కూడా దించేస్తుంది.

తర్వాత చెరువు గట్టున బురద చూడండి. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు రెండింటికీ పడతాయి. చిరుతకైతే గోళ్లు పడవు. తోడేలు ఛాతీ ఇరుకు, కాళ్లు పొడవు. అది నడిస్తే వెనక పాదం ముందు పాదం ముద్రలోనే పడి, జాడ నూలు పట్టి గీసినట్టు సాగుతుంది. కుక్క నడక అటూ ఇటూ పోతుంది.

ఇంత చూసినా ఒక్కోసారి తేలదు. రెండింటికీ 78 క్రోమోజోములే, కలిస్తే పుట్టిన పిల్లలకూ సంతానం కలుగుతుంది. పుణె దగ్గరి బయళ్లలో అలాంటి సంకరం ఉందని 2023లో జన్యుపరీక్షలు తేల్చాయి. భారత తోడేళ్లది చాలా పురాతన వంశం. అది కుక్కల్లో కలిసి కరిగిపోతుందేమోనన్నదే నా దిగులు. కుక్కల నుంచి డిస్టెంపర్ జబ్బు కూడా వాటికి అంటుకుంటుంది. తోడేలు ఊళ్లోకి రావడం కన్నా మన ఊరకుక్కలు బయలుకు పోవడమే పెద్ద ముప్పు.

అది నిజంగా తోడేలే అనిపిస్తే రాళ్లు రువ్వకుండా అటవీశాఖకు ఫోన్ చేయండి, 1972 నాటి వన్యప్రాణి చట్టం దానికి రక్షణ ఇస్తోంది. కరిస్తే మాత్రం కుక్కా తోడేలా అని ఆరా తీస్తూ కూర్చోవద్దు. రేబీస్ రెండింటి నుంచీ వస్తుంది. గాయాన్ని సబ్బు పెట్టి పారే నీళ్లలో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించుకోండి.