పక్షవాతం తర్వాత నిద్ర పరీక్ష ఎందుకు?

"పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆయన గురకపెట్టి మరీ నిద్రపోతున్నారు, ఇక నిద్ర పరీక్ష దేనికి?" అని రోగుల ఇంట్లోవాళ్ళు అడుగుతుంటారు. గురక అంటే గాఢనిద్ర అనే నమ్మకం వదలాల్సింది ఇక్కడే. పక్షవాతం (స్ట్రోక్) వచ్చినవాళ్ళలో సగం మందికి పైగా స్లీప్ ఏప్నియా, అంటే నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగే జబ్బు, ఉంటుంది.

ఒక్కసారి శ్వాస ఆగితే మెదడులో ఏమవుతుందో చూడండి, నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది అదే. గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అది పెరగగానే మెదడు రక్తనాళాలు వెడల్పవుతాయి. కానీ స్ట్రోక్ దెబ్బ తగిలిన చోటు చుట్టూ నాళాలు ముందే వీలైనంత తెరుచుకుని ఉంటాయి. పంటకాలువ శివారు మడిని ఊహించుకోండి. దాని తూము ఎప్పుడో పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు ఎగువ తూములన్నీ ఒక్కసారిగా ఎత్తితే, శివారుకు వచ్చే ఆ కాస్త నీళ్ళూ పైనే మళ్ళిపోతాయి. కొందరు రోగుల్లో రక్తం సరిగ్గా ఇలాగే పక్కకు పోతుంది. అంతలో మెదడు ఉలిక్కిపడుతుంది, శ్వాస అందుతుంది, బీపీ ఒక్క ఊపున ఎగుస్తుంది. ప్రవాహాన్ని నిలకడగా ఉంచే నియంత్రణ స్ట్రోక్‌తో దెబ్బతింది కాబట్టి, ఇందాక ఎండిన మడి మీదికే ఇప్పుడు వరద. ఇలా గంటకు 30 సార్లు శ్వాస ఆగితే, ఏడు గంటల నిద్రలో 210 సార్లు!

ప్రశ్నలడిగి దీన్ని పట్టుకోవడం కష్టం. పగటి నీరసాన్ని అందరూ స్ట్రోక్ ఖాతాలో వేస్తారు. మాట పడిపోయినవాళ్ళు చెప్పలేరు. లావుగా లేనివాళ్ళ మీద అనుమానమే రాదు. పరీక్షలో ముక్కు దగ్గర గాలిని కొలుస్తారు, ఛాతీకీ పొట్టకీ పట్టీలు కడతారు, వేలికి ఆక్సిజన్ క్లిప్ పెడతారు. గాలి ఆగినా పట్టీలు కదులుతుంటే అడ్డు గొంతులో ఉన్నట్టు. పట్టీలు కూడా కదలకపోతే శ్వాస తీయమనే ఆదేశమే మెదడు నుంచి రాలేదన్నమాట. రెంటికీ చికిత్స ఒకటి కాదు.

గొంతులో అడ్డుకు వాడేది సీప్యాప్. మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో దారిని తెరిచి ఉంచే ఈ పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివాన్ బృందం వెలుగులోకి తెచ్చింది. ఇది వాడితే మళ్ళీ స్ట్రోక్ రాదని హామీ ఇవ్వలేం. 2016లో వెలువడిన సేవ్ అనే పెద్ద అధ్యయనంలో గుండెపోట్లు, స్ట్రోక్‌లు తగ్గలేదు. అయితే అందులో పాల్గొన్నవాళ్ళు దాన్ని వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే. పగటి మగత, దిగులు మాత్రం తగ్గాయి. ఫిజియోథెరపీలో మెలకువగా ఉండి చేతిని మళ్ళీ కదపడం నేర్చుకోవాల్సిన మనిషికి అది పెద్ద లాభమే. మాస్కు ఎంచుకునేటప్పుడు ఒకటి చూసుకోండి: వాంతి వచ్చినట్టనిపిస్తే రోగి దాన్ని ఒంటిచేత్తో తీసేయగలగాలి.