జ్వరం తగ్గింది, పిల్ల ఇంకా లేవట్లేదు: వైరల్ ఫీవర్ తర్వాత అపోహలు - వాస్తవాలు

వానాకాలం వచ్చిందంటే నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో మా చిన్న క్లినిక్ దాకా అందరికీ జ్వరాల పనే. ఆ రద్దీ ఊరందరికీ తెలుసు. ఆ తర్వాత రెండు మూడు నెలలకి వచ్చేవాళ్ల సంగతే ఎవరికీ పట్టదు. జ్వరం పోయి, ప్లేట్‌లెట్లు పెరిగి, ఇక కాలేజీకి వెళ్లమని ఇంట్లోవాళ్లు తొందరపెడుతుంటే వెళ్లలేక, ఎందుకు వెళ్లలేకపోతున్నారో సరిగ్గా చెప్పుకోలేక అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వస్తారు. వాళ్లలో ఎక్కువమంది పదహారు నుంచి పాతికేళ్ల లోపు పిల్లలే. జనరల్ ఫిజీషియన్‌గా వాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

అపోహ: కుర్రవయసు కదా, వారంలో లేచి తిరగాలి.

చాలామంది అలాగే లేచి తిరుగుతారు. కొందరు తిరగలేరు. ఆస్ట్రేలియాలో డబ్బో అనే ఊరి ప్రాంతంలో మూడు రకాల ఇన్ఫెక్షన్లు వచ్చిన 253 మందిని గమనిస్తూ వెళ్లారు. ఆరు నెలలయ్యాక కూడా వందకి సుమారు 12 మందిలో నీరసం, ఒళ్లునొప్పులు, మతిమరుపు అలాగే ఉన్నాయి. ఇది 2006లో అచ్చయిన సంగతి, అంటే కోవిడ్ కన్నా చాలా ముందు. జబ్బు తీవ్రంగా వచ్చినవాళ్లలోనే అది ఎక్కువగా కనిపించింది. అయితే కోవిడ్ సమయంలో ఇంట్లోనే నాలుగు రోజుల్లో తగ్గిపోయిన పిల్లల్లో కూడా నెలల తరబడి అలసట ఉండిపోవడం చూశాం. డెంగీ తర్వాతా ఉంటుంది. చికున్‌గున్యా అయితే కీళ్లనొప్పుల రూపంలో వదలకుండా పట్టుకుంటుంది.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్, కాబట్టి ఇది బద్ధకమే.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ మాట. ఇంటర్ సెకండియర్ అమ్మాయి ఒకరు వచ్చింది, డెంగీ వచ్చి తగ్గి మూడు నెలలు దాటింది. తల్లి చెబుతోంది: "జరం ఎప్పుడో పోయింది సార్. సీబీపీ, థైరాయిడ్, గుండె స్కానింగ్ అన్నీ చేయించినం, ఏం లేదన్నరు. రాత్రి ఫోన్ చూస్తది, పొద్దున లేవదు." పిల్ల తల వంచుకుని కూర్చుంది, ఒక్క మాట లేదు.

పది నిమిషాలు పడుకోబెట్టి పల్స్ చూశా, 76. తర్వాత గోడకి ఆనుకుని కదలకుండా నిలబడమని వేలికి ఆక్సీమీటర్ పెట్టా. రెండో నిమిషానికి 104, ఐదో నిమిషానికి 121. బీపీ పడిపోలేదు. చెప్పులు విప్పిన పాదాలు ఎర్రగా, కాస్త ఊదారంగులోకి తిరిగాయి. ఏడో నిమిషంలో "కళ్లు తిరుగుతున్నయ్ సార్" అంది, వెంటనే పడుకోబెట్టేశా. తల్లి అంతసేపూ ఆ అంకెలనే చూస్తోంది. కాసేపటికి మెల్లగా అంది, "స్టూల్ ఏసుకుని స్నానం చేస్తుందని రోజూ తిట్టిన సార్."

మనం నిలబడినప్పుడు రక్తం కాళ్లలోకి దిగుతుంది. అప్పుడు రక్తనాళాలని బిగించి దాన్ని పైకి పంపే పని మన ప్రమేయం లేకుండా నడిచే నరాలది. వైరస్ తర్వాత కొందరిలో ఆ నరాల పని గాడి తప్పుతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె పరుగెత్తుతుంది. నిలబడిన పది నిమిషాల్లో పల్స్ పెద్దవాళ్లలో 30, 12 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో 40 పెరిగి, బీపీ పడిపోకుండా, ఈ బాధలు మూడు నెలలుగా ఉంటే దాన్ని పాట్స్ (POTS) అంటాం. సీబీపీ అనే రక్తపరీక్షలో ఇది దొరకదు, పడుకోబెట్టి తీసిన ఈసీజీలోనూ దొరకదు. నిలబెట్టి చూస్తేనే బయటపడుతుంది.

అపోహ: జిమ్‌కి పంపండి, ఒళ్లు వంగితే అదే పోతుంది.

కొందరికి మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం మేలే చేస్తుంది. కానీ ముందు ఒక్కటి అడగాలి: పని చేసిన మర్నాడు, ఆ మర్నాడు ఎలా ఉంటోంది? మాదాపూర్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి ఒకరు ఆదివారం బాగుందని క్రికెట్ ఆడాడు. సోమవారం ఆఫీసుకి వెళ్లాడు. మంగళవారం బ్రష్ చేసుకోవడానికి కూడా లేవలేదు, అలా తొమ్మిది రోజులు. ఆటకీ ఆ పతనానికీ మధ్య ఒకరోజు ఖాళీ ఉండటంతో అతనికే సంబంధం తట్టలేదు. శ్రమ చేసిన 12 నుంచి 48 గంటల తర్వాత ఇలా కూలబడేవాళ్లని బలవంతంగా నడిపిస్తే ఇంకా దిగజారతారు. క్రానిక్ ఫటీగ్ (ఇలా నెలల తరబడి వదలని అలసట జబ్బు) ఉన్నవాళ్లకి వ్యాయామాన్ని లెక్కప్రకారం పెంచే చికిత్స వద్దని బ్రిటన్‌లో డాక్టర్లకి చికిత్సా సూచనలిచ్చే నైస్ సంస్థ 2021లో స్పష్టంగా చెప్పింది. వీళ్లు అలసిపోయాక ఆగడం కాదు, అలసట రాకముందే ఆగాలి. చదువు కూడా శ్రమే, గంట కోచింగ్ క్లాసు కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

అపోహ: వైడల్ (టైఫాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చింది, లోపల టైఫాయిడ్ ఉండిపోయింది.

ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్‌కో, వేయించుకున్న టీకాకో కూడా వైడల్ పాజిటివ్ రావచ్చు. జ్వరమే లేకుండా, ఒక్క వైడల్ కాగితం చూసి నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడిన పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. టైఫాయిడ్ అని గట్టిగా అనుమానం ఉంటే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే పరీక్ష) చేయించాలి. ఇక "బలం సెలైన్" సంగతి: తిని తాగగలిగే పిల్లకి దానివల్ల వచ్చేది ఒకపూట ఉపశమనమే.

అపోహ: జుట్టంతా ఊడుతోంది, బట్టతలే.

కాదు. జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి మొదలై, సాధారణంగా ఆరు నెలల్లో ఆగి, మళ్లీ మొలుస్తుంది.

అపోహ: ఇక జీవితాంతం ఇంతే.

ఎక్కువమంది నెలల్లో మెరుగవుతారు, కొందరికి ఏడాది దాటుతుంది. ఒక్క మాత్రతో పోయే మందు లేదు, ఉన్న బాధకి తగ్గట్టు చూసుకుంటూ పోవాలి. డెంగీ తర్వాత వచ్చిన ఆ ఇంటర్ అమ్మాయికి మొదట చెప్పింది స్టూల్ మీదే స్నానం చేయమని. నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ పెంచమన్నాం (బీపీ, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు ఇది సొంతంగా చేయొద్దు), హాజరు విషయంలో కాలేజీకి లెటర్ రాసిచ్చాం.

ప్రతిదీ వైరల్ ఖాతాలో వేయకండి కూడా. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. మెట్లెక్కితే ఛాతీలో నొప్పి వచ్చినా, ఆడుతూ స్పృహ తప్పినా అదేరోజు గుండె డాక్టర్ని కలవండి.

డాక్టర్ దగ్గరికి వచ్చేటప్పుడు రెండు వారాల డైరీ రాసుకొస్తే చాలా పని తేలికవుతుంది: ఏ రోజు ఏం చేశారు, ఎంతసేపు నిలబడ్డారు, ఆ రోజు ఎలా ఉంది, రెండు రోజుల తర్వాత ఎలా ఉంది. ఆ డైరీ పిల్లనే రాయనివ్వండి, పక్కన కూర్చుని దిద్దకండి.