రాహువు నీడలోకి ఎప్పుడు దూరాడు?

గ్రహణం దగ్గరపడింది, పాత తగవు మళ్లీ లేచింది. రాహువు పట్టడమే మన జ్యోతిష సంప్రదాయమని, నీడ సంగతి బడి పుస్తకాల్లోదని ఒక వర్గం అంటోంది. నీడ అని ముందు చెప్పింది ఆర్యభటుడేనని ఇంకో వర్గం. దీనికి తోడు పూర్వగణితం (పాత గ్రంథాల అంకెలతో కట్టేది), దృగ్గణితం (ఆకాశంలో కనిపించేదానికి సరిపోయేలా సవరించి కట్టేది) పంచాంగాల పేచీ ఎటూ ఉన్నదే. అమృతం పంపకం కథ అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పోవడం లేదు. ముడి పడింది ఆర్యభటీయం వచ్చిన 499కీ, బ్రహ్మగుప్తుడు దానికి బదులు చెప్పిన 628కీ మధ్య.

ఆర్యభటుడు తన ఆర్యభటీయంలోని గోలపాదం అనే భాగంలో నాన్చకుండా చెప్పాడు: సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుంది. కొలతలూ ఇచ్చాడు. వ్యాసం భూమికి 1050 యోజనాలు, సూర్యుడికి 4410, చంద్రుడికి 315. సూర్యుడి దూరాన్ని భూవ్యాసంతో హెచ్చించి, సూర్యుడి వ్యాసంలోంచి భూవ్యాసం తీసేయగా మిగిలినదానితో భాగిస్తే నీడ పొడవు వస్తుంది. సూర్యబింబంలో ఎనిమిదో వంతు మాత్రమే కప్పుపడితే ఆ వెలుగులో కంటికి ఆనదు, అలాంటి గ్రహణాన్ని ప్రకటించొద్దన్నాడు. ఆకాశం చూసినవాడు చేసే హెచ్చరిక ఇది.

సిద్ధాంత గ్రంథాల్లో సూర్యగ్రహణం లెక్క ఇలా నడుస్తుంది. ముందు అమావాస్య ముగిసే క్షణం తేలుస్తారు. అది భూమి నడిబొడ్డు నుంచి చూసిన లెక్క. మనం ఉన్నది భూమి పైన కనుక చంద్రుడు కాస్త జరిగి కనిపిస్తాడు. ఈ తేడా వల్ల ఆ క్షణంలో వచ్చే మార్పే లంబనం. దాదాపు నడినెత్తిన సున్నా, దిగంతం దగ్గర గరిష్ఠంగా 4 ఘడియలు, అంటే 96 నిమిషాలు. పొద్దున అయితే తీసేయాలి, మధ్యాహ్నం దాటితే కలపాలి. సమయం మారగానే లంబనమూ మారుతుంది కాబట్టి, అంకె నిలకడకు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఒక్కసారితో ఆపితే పట్టు, విడుపు రెండూ తప్పుతాయి. తర్వాత విక్షేపం (సూర్యుడి దారి నుంచి చంద్రుడు ఉత్తరానికో దక్షిణానికో తొలగే దూరం), నతి (భూమి పైనుంచి చూడటం వల్ల ఆ దూరంలో వచ్చే తేడా). అప్పటి గ్రంథాలు చంద్రుడి పరమ విక్షేపాన్ని 270 కలలుగా (డిగ్రీకి 60 కలలు) తీసుకున్నాయి, నిజానికి అది 309 దాకా ఉంటుంది. అందుకే పాక్షిక చంద్రగ్రహణాల్లో గ్రాసం, అంటే కప్పుపడే భాగం, ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. ఈ మొత్తం లెక్కలో రాహువు అంటే చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే బిందువు. అంతే.

6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహువును నిలదీశాడు. రూపం ఉండి, ఒక లెక్క ప్రకారం తిరిగేవాడైతే తనకు 180 డిగ్రీల అవతల ఉన్నవాణ్ణి ఎలా పట్టుకుంటాడు? చంద్రగ్రహణం పడమటి అంచున ఎందుకు మొదలు కాదు? అయితే ఆయనే ఒక చిన్న సందు వదిలాడు. గ్రహణ సమయంలో చేసే దానహోమాల్లో రాహువుకు భాగం దక్కేలా బ్రహ్మ వరమిచ్చాడనీ, అందుకే ఉపచారంగా, అంటే మాటవరసకు, ఆ పేరు చెబుతారనీ రాశాడు. అంటే వాటా ఇచ్చాడు గానీ, పని అప్పగించలేదు.

పని అప్పగించింది బ్రహ్మగుప్తుడు. 628లో, 30వ ఏట రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఆర్యభటుణ్ణీ వరాహమిహిరుణ్ణీ పేర్లు పెట్టి మరీ తప్పుపట్టాడు. రాహువు కాదంటే వేదానికీ స్మృతులకూ విరుద్ధమని ఆయన అభ్యంతరం. మరి లెక్క మాటేమిటి? నీడ లెక్కను అలాగే ఉంచాడు. బ్రహ్మ వరం వల్ల రాహువు చంద్రగ్రహణంలో భూమి నీడలోకి, సూర్యగ్రహణంలో చంద్రుడిలోకి దూరి కప్పుతాడని సర్దాడు. ఇవాళ 'రెండూ నిజమే' అనే వాదనకు మూలం ఈ సర్దుబాటే. ఆయనే 665లో నిత్యగణితానికి ఖండఖాద్యకం రాస్తూ, రోజును అర్ధరాత్రి నుంచి లెక్కించే ఆర్యభటుడి పద్ధతినే పట్టుకున్నాడు. ఈ సంగతి రాహువు పక్షం వారు ఎత్తరు.

ఇక పంచాంగాల పేచీ. పాత అంకెలను ముట్టుకోకూడదన్న నియమం పాతవాళ్లకే లేదు. శకం 420 (క్రీ.శ. 498-499) నుంచి లెక్కించి, ప్రతి 250 ఏళ్లకు చంద్రుడికి 25 కలలు, రాహువుకు 96 కలలు సవరించాలని లల్లుడు అనే పాత సిద్ధాంతకర్త చెప్పాడు. ఇదే బీజ సంస్కారం. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి మద్రాసు అబ్జర్వేటరీ తరఫున వనపర్తికి వచ్చిన చింతామణి రఘునాథాచారి, దృగ్గణిత పంచాంగం వేసింది ఈ ఒరవడిలోనే. నేటి పూర్వగణిత పంచాంగాల్లోనూ కొన్ని తిథులను పాత పద్ధతిలో ఉంచి, గ్రహణం ఘడియలను మాత్రం దృక్ లెక్క నుంచి తెచ్చుకుంటున్నాయి. తిథి తప్పితే కంటికి కనపడదు, గ్రహణం తప్పితే వీధిలో నిలబడ్డ ప్రతివాడికీ తెలిసిపోతుంది.