రాత్రి మూత్రానికి లేస్తున్నారా? ఒకసారి గొంతు సంగతి కూడా చూడండి

సోంపేట వైపు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా ఆయన రాత్రికి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారు. షుగర్ లేదు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ నార్మల్. డాక్టరు గారు ఏమీ లేదన్నారు. మరెందుకు లేస్తున్నట్టు?" గుర్రు పక్కింటికి వినిపిస్తుందని చివర్లో ఒక ముక్క చేర్చారు. అసలు విషయం ఆ ముక్కలోనే ఉండొచ్చు: నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు, స్లీప్ ఆప్నియా.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో రాత్రి మూత్రానికి లేస్తే ముందు కిడ్నీయే గుర్తొస్తుంది. రావాలి కూడా. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఆ భయం ఊరికే పుట్టలేదు. కానీ క్రియాటినిన్ నార్మల్ అని తేలగానే వెతకడం మానేస్తున్నాం.

కొబ్బరి బొండంలో కాగితం స్ట్రా వేసుకుని తాగి చూడండి. కాసేపటికి నాని మెత్తబడుతుంది. అప్పుడు గట్టిగా పీలిస్తే నీళ్లు రావు, స్ట్రా గోడలు అతుక్కుపోతాయి. ఇంకా గట్టిగా పీలిస్తే ఇంకా అతుక్కుంటాయి. నాలుక వెనక గొంతు ఇలాంటి గొట్టమే. దాని కింద శ్వాసనాళానికి మృదులాస్థి వలయాలున్నాయి, పైన ముక్కుకు ఎముక ఉంది. మధ్యలో ఈ కాస్త భాగానికి కండరాలే దిక్కు. నిద్రలో అవి వదులవుతాయి, కలలొచ్చే దశలో మరీను. స్ట్రా సగం నొక్కుకుంటే గుర్రు. పూర్తిగా అతుక్కుంటే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం 10 సెకన్లు దాటితే ఆప్నియా, అంటే ఊపిరి ఆగడం. పూర్తిగా ఆగినవీ, సగం ఆగినవీ కలిపి గంటకు 5 దాటితే జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రం.

మరి మూత్రం ఎందుకు? గొంతు మూసుకున్నా ఛాతీ పీల్చడం మానదు. లోపల పీడనం పడిపోతుంది. ఆ లాగుడుకు సిరల్లోని రక్తం ఛాతీలోకి వచ్చి చేరి, గుండెలో కుడివైపు పై గది, అంటే కుడి కర్ణిక, సాగుతుంది. కర్ణికకు తెలిసిన లెక్క ఒక్కటే: తను సాగిందంటే ఒంట్లో నీరు ఎక్కువైనట్టే. వెంటనే ఏఎన్‌పీ అనే హార్మోన్ వదులుతుంది. ఉప్పునూ నీటినీ బయటికి తోసెయ్యమని కిడ్నీకి అదే కబురు. కిడ్నీ పాపం చెప్పినట్టు చేస్తుంది. 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ కర్ణిక కండరం నుంచి తీసిన సారాన్ని ఎలుకలకు ఎక్కిస్తే, అవి ఉప్పునూ నీటినీ ధారాళంగా విసర్జించాయి. గుండె హార్మోన్ కూడా తయారుచేస్తుందని అలా తేలింది. నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

ఊపిరాడక ఉలిక్కిపడి లేస్తే, దయ్యం గుండెల మీద కూర్చుందని మెడలో తాయెత్తు కడతారు మనవాళ్లు. ఆ దారంతోనే మెడ చుట్టుకొలత తీసినా పనికొచ్చేది. 40 సెంటీమీటర్లు దాటిన మెడ ఈ జబ్బుకు ఒక గుర్తు. అలాగని దవడ చిన్నదైతే సన్నటివాళ్లకూ రావచ్చు.

ఇక డాక్టర్ల సంగతి. ఈ జబ్బు గురించి వాళ్లకేం తెలుసో చూడటానికి 2003లో అమెరికాలో ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. జ్ఞానానికి 18 ప్రశ్నలు, ధోరణికి 5. తర్వాత చాలా దేశాల్లో ఫ్యామిలీ డాక్టర్ల ముందు పెట్టారు. జబ్బు ముఖ్యమైనదే అంటారు, మేం చూసుకోగలం అనే ధీమా మాత్రం తక్కువ. వాళ్లను తప్పుపట్టబుద్ధి కాదు. ఎంబీబీఎస్‌లో గుండె ఒకరు చెబుతారు, కిడ్నీ ఒకరు, ఊపిరితిత్తులు ఇంకొకరు. నిద్ర ఎవరి పాఠమూ కాదు. పైగా జబ్బు రాత్రి ఇంట్లో, ఓపీ పగలు ఆస్పత్రిలో. చూసిన సాక్షి భార్య. ఆవిడేమో బయట బెంచీ మీద కూర్చుంటుంది! అమ్మా, మీరూ లోపలికి వెళ్లండి. ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి. గుర్రు ఆగిన చోటు చూపించండి: ఛాతీ ఎగసిపడుతూ, గాలి చప్పుడు లేకుండా ఉన్న చోటు. నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష, స్లీప్ స్టడీ, అవసరమా అని అడగండి.

స్ట్రా అతుక్కోకుండా ఉండాలంటే పైనుంచి గాలి ఊదాలి. అదే 1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ ముక్కుకు మాస్కు తగిలించి చేసి చూపించాడు. దాన్నే ఇప్పుడు సీప్యాప్ అంటున్నాం. వాడితే చాలామందికి రాత్రి మూత్రం కూడా తగ్గుతుంది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రిపూట మద్యం మానడం కూడా పనికొస్తాయి. ఈలోగా నిద్ర చాలడం లేదని మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగి తెచ్చుకోవద్దు. కొన్ని మాత్రలు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి, ఊపిరాడనప్పుడు రావాల్సిన మెలకువను ఆలస్యం చేస్తాయి.