నీరు తేటపడ్డాకే చేపకు గండం

విశాఖ ఆర్కే బీచ్‌లో ఏ రాత్రయినా అలలు నీలంగా మెరిశాయంటే తెల్లారేసరికి నా ఫోను నిండా వీడియోలే. చేపల జబ్బులు చూసే వాడినని తెలిసినవాళ్లంతా నన్నే అడుగుతారు.

అపోహ: సముద్రం రంగు మారిందంటే ఎవరో విషం కలిపినట్టే.

వాస్తవం: ఆ మెరుపు చాలాసార్లు నాక్టిలూకా అనే ఏకకణ జీవిది. పగలు అదే నీటి మీద నారింజ రంగు తెట్టులా కనిపిస్తుంది. మెరిసినంత మాత్రాన చేపలు చావవు. అయితే దాని కణంలో అమ్మోనియా నిల్వ ఉంటుంది. అది చచ్చి పగిలినప్పుడు బయటపడేది ఆ అమ్మోనియానే.

అపోహ: రంగు పోయింది, నీరు తేటపడింది, ఇక భయం లేదు.

వాస్తవం: నేను ఎక్కువగా భయపడేది అప్పుడే. నీటికి రంగు తెచ్చిన శైవలాలు, అంటే నాచు లాంటి సూక్ష్మజీవులు, చచ్చి కిందికి దిగి కుళ్లుతాయి. కుళ్లబెట్టే బ్యాక్టీరియా నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. అది లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా చేపలు తట్టుకోలేవు. బయట తిరిగే కవళ్లు, కానాగంతలు పక్కకు తప్పుకుంటాయి. సముద్రంలో వల పంజరంలో పెంచే పండుగప్ప ఎక్కడికి పోతుంది? దేశంలో సముద్ర పంజరాల్లో చేపల పెంపకం 2007లో మొదలైంది మన విశాఖ తీరంలోనే కాబట్టి ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

ఆక్సిజన్ చాలని చేప ముందు మేత మానేస్తుంది. తరువాత మొప్పలు వేగంగా కొట్టుకుంటాయి, పైకొచ్చి నోరు తెరుస్తుంది. రాత్రంతా శ్వాసించేవే తప్ప ఆక్సిజన్ తయారుచేసేవి ఉండవు కనుక తెల్లవారుజామున పరిస్థితి అధ్వానం. మధ్యాహ్నం కొలిచి బాగుందనుకుంటే మోసపోయినట్టే. అడుగున కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. దానివల్ల నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేప కణాలు వాడుకోలేవు.

అపోహ: మేతలో యాంటీబయాటిక్ కలిపితే నిలబడతాయి.

వాస్తవం: మేతే ముట్టని చేపకు మేతలో మందా! పైగా ఊపిరి సమస్యకు అది మందు కాదు. మేత ఆపండి: అరిగించుకోవడానికీ ఆక్సిజన్ కావాలి, మిగిలిన మేత కుళ్లడానికీ కావాలి. వీలైతే పంజరాన్ని ప్రవాహం బాగున్న చోటికి మార్చండి. దెబ్బతిన్న మొప్పలకు వారం తరువాత కూడా బ్యాక్టీరియా సోకవచ్చు కాబట్టి చావులు ఆగాయని వెంటనే వలలో గుంపుగా పట్టి బరువులు తూచకండి.

అపోహ: ఊపిరాడక చచ్చిన చేపే కదా, బాగా ఉడికిస్తే సరి.

వాస్తవం: ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఎప్పుడు చచ్చిందో, దేనివల్ల చచ్చిందో ఎవరు చెబుతారు? కొన్ని శైవలాల విషాలు ఉడికించినా పోవు. ఆల్చిప్పలు నీటిని వడకట్టుకుని తింటాయి కాబట్టి వాటిలో మరీ పేరుకుంటాయి. మా ఇంట్లో వండనివ్వను.