కప్పల తక్కెడలో ఉప్పు లెక్క

కప్పల చర్మానికి రోగం తెచ్చే కైట్రిడ్ శిలీంధ్రం పేరెత్తితే చాలు, అదే తగువు మళ్లీ మొదలవుతుంది. ఈ రోగం వల్ల 501 ఉభయచర జాతుల సంఖ్య పడిపోయిందనీ, అందులో 90 జాతులు అంతరించిపోయినట్టేననీ 2019లో ‘సైన్స్’ పత్రికలో ఒక అంతర్జాతీయ బృందం లెక్క తేల్చింది. మరుసటి ఏడాది అదే పత్రికలో ఇంకో బృందం, చాలా జాతుల విషయంలో ఆధారాలు చాలవంది. మొదటివాళ్లు తమ లెక్కకే కట్టుబడ్డారు. ‘కప్పల తక్కెడ’ అనే మాటను మన రాజకీయాలకు వాడి వాడి అరగదీశాం గానీ, అసలు కప్పల దగ్గరే ఎవరికీ తూకం కుదరడం లేదు.

అభ్యంతరం చెప్పేవాళ్ల ప్రశ్న సూటిగానే ఉంది. చచ్చిన కప్ప ఒంటిమీద శిలీంధ్రం దొరికితే, చంపింది అదేనని ఎలా అంటారు? దీనికి జవాబు అడవుల్లో వెతికినవాళ్లే ఎక్కువ. నా లెక్కన సగం జవాబు 1951లోనే, కోపెన్‌హాగన్‌లో ఒక ప్రయోగశాల బల్లమీద దొరికింది.

గాల్వానీ కప్పకాళ్ల కథ బడిలో అందరం చదివిందే, దాన్ని వదిలేద్దాం. ఇక్కడ సంగతి చర్మానిది. కప్ప చర్మానికి అటూ ఇటూ విద్యుత్ తేడా ఉంటుందని, లోపలి వైపు ధనావేశమని 19వ శతాబ్దంలోనే తెలుసు. ఆ తేడా నిలవాలంటే సోడియం గానీ లిథియం గానీ ఉండాలని 1904లో గాలియోట్టి అనే శాస్త్రవేత్త గమనించాడు. సోడియం లోపలికి వెళ్లినంత సులువుగా బయటికి రాదన్నాడు. ఉష్ణగతిక శాస్త్రానికి అది పొసగదని ఆయన వివరణను పక్కన పెట్టేశారు.

కోపెన్‌హాగన్ శాస్త్రవేత్తలు హాన్స్ ఉస్సింగ్, కార్ల్ జెరాన్ 1951లో చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. కప్ప చర్మం ముక్కను రెండు చిన్న గదుల మధ్య తెరలా బిగించారు. రెండు వైపులా ఒకే రకం ఉప్పునీళ్లు పోశారు. గాఢతలో తేడా లేదు కాబట్టి అయాన్లు ఒకవైపుకే కదలాల్సిన అవసరం లేదు. అయినా చర్మానికి అటూ ఇటూ పదుల మిల్లీవోల్టుల తేడా వస్తుంది, ఒక్కోసారి వందకు చేరుతుంది. బయటి నుంచి ఎదురు వోల్టేజీ ఇచ్చి వాళ్లు దాన్ని కూడా సున్నా చేశారు. ఇప్పుడు అటు నెట్టేది లేదు, ఇటు లాగేది లేదు. చర్మం చచ్చిన తోలే అయితే అంతా ఆగిపోవాలి. ఆగలేదు, కరెంటు గంటల తరబడి పారుతూనే ఉంది.

ఆ కరెంటు దేనిదో తేల్చడానికి రేడియోధార్మిక సోడియం వాడారు. లోపలికి వెళ్లిన సోడియంలోంచి బయటికి వచ్చింది తీసేస్తే మిగిలినది, మీటరు చూపిన కరెంటుతో సరిపోయింది. అంటే చర్మం తన శక్తి ఖర్చుపెట్టి సోడియాన్ని లోపలికి తోడుకుంటోంది. విడి చర్మంలో క్లోరైడ్ దాని వెనకే నడిచే తోక మాత్రమే. (బతికున్న కప్ప పలచటి చెరువు నీటిలోంచి క్లోరైడ్‌నూ లాక్కుంటుందని 1930లలోనే క్రోగ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అది వేరే కథ.)

1958లో ఉస్సింగ్, కోఫోడ్-జాన్సెన్ ఇంకో మెట్టు ఎక్కారు. బయటి నీళ్లలో సోడియం మారిస్తే వోల్టేజీ మారుతుంది, లోపలి వైపు పొటాషియం మారిస్తే మారుతుంది. బయటి పొర సోడియానికి దారి ఇస్తుంది, లోపలి పొర పొటాషియానికి. సోడియాన్ని తోడే పంపు ఆ లోపలి పొరలోనే ఉంది. ఆ పంపు పని చేసే ఎంజైమును 1957లో గుర్తించిన యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ వచ్చింది. మంచినీటిలో బతికే కప్ప ఒంట్లోకి నీరు చొరబడుతూనే ఉంటుంది, ఉప్పు కారిపోతూనే ఉంటుంది. ఈ తోడుడు ఆగితే కప్పకు బతుకు లేదు.

ఆ సంగతి శిలీంధ్రానికి ముడిపడటానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1990ల చివర్లో రోగకారకం బయటపడినప్పటి నుంచి ఊపిరాడక చస్తున్నాయని కొందరు, శిలీంధ్రం విషం వదులుతోందని కొందరు అన్నారు. 2009లో జేమీ వాయిల్స్ బృందం ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టుకప్పల చర్మాన్ని ఉస్సింగ్ వాడిన అలాంటి రెండు గదుల పెట్టెలోనే బిగించింది. జబ్బు ముదిరిన చర్మంలో అయాన్ల రవాణా సగానికి పైగా పడిపోయింది. రక్తంలో సోడియం సుమారు 20 శాతం, పొటాషియం సుమారు 50 శాతం తగ్గాయి. ఆఖరికి గుండె ఆగింది. నోటి ద్వారా లవణాల ద్రావణం, మన ఓఆర్‌ఎస్ లాంటిదే, పట్టిస్తే చివరి దశ కప్పలు కొంత తేరుకుని, మరికొన్ని గంటలు బతికాయి. తర్వాత అవీ చచ్చాయి. విషం సిద్ధాంతం పూర్తిగా కొట్టుకుపోలేదు గానీ, ఇంత గట్టి కొలత దాని వైపు కనబడదు.

నిజమే, ఒక జాతిలో చూపినది 501 జాతులకూ రుజువు కాదు. కానీ శిలీంధ్రం ఊరికే ఒంటినంటుకున్న ప్రయాణికుడు కావచ్చన్న అనుమానానికి మాత్రం ఇక్కడ చోటు తగ్గిపోయింది.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియా, పనామా పరిశోధకులతో కలిసి ఈ శిలీంధ్రాన్ని పసిగట్టే డీఎన్ఏ పరీక్షను రూపొందించారు. పశ్చిమ కనుమల కప్పల మీదా ఆ శిలీంధ్రం కనిపించింది. చర్మాన్ని దూదిపుల్లతో తుడిచి చేసే అలాంటి పరీక్ష శిలీంధ్రం ఉందో లేదో చెబుతుంది. సోడియం కదులుతోందో లేదో తెలియాలంటే మాత్రం ఇప్పటికీ చర్మం ముక్క, రెండు గదుల పెట్టె కావాలి. అంతరించిన జాతికి ఆ పరీక్ష చేసే వీలు లేదు.